ఓనరు చెప్పాడు, నేను నడిపాను. తప్పు నాదెలా అవుతుంది?

ప్రశ్న:

అన్నగారూ, నాకు 24 ఏళ్లు. హెవీ లైసెన్సు చేతికొచ్చి ఏడాది దాటింది. ఎనిమిది నెలలుగా ఒక చిన్న ట్రాన్స్‌పోర్టులో లారీ నడుపుతున్నాను. మా ఓనరు చెడ్డవాడు కాదు, జీతం ఎప్పుడూ ఆపలేదు. కానీ ప్రతి ట్రిప్పుకీ లోడు ఎక్కువ వేయిస్తాడు. అడిగితే "అందరూ వేసేదే, బండి మోస్తుందిలే" అంటాడు. ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య సరిగా పడుకునే టైము ఉండదు. డ్యూటీ గంటల పుస్తకంలో మాత్రం విశ్రాంతి తీసుకున్నట్టు రాయమంటాడు. రాస్తున్నాను. పోయిన నెల ఒక రాత్రి నడుపుతూనే కన్ను మూతపడింది. బండి రోడ్డు అంచు దిగి గతుకుల్లో పడ్డాక మెలకువ వచ్చింది. ఎవరికీ ఏమీ కాలేదు. తర్వాతి వారం ఒక గోడౌను దగ్గర రివర్సు చేస్తుంటే ఆగి ఉన్న కారుకు తగిలింది. దాని తలుపు లోపలికి పోయింది. చుట్టూ ఎవరూ లేరు. ఓనరుకు ఫోన్ చేస్తే "ఎవరూ చూడలేదుగా, వచ్చెయ్" అన్నాడు. వచ్చేశాను. అప్పటి నుంచి మనసు మనసులో లేదు. ఇంట్లో సంపాదన నాదొక్కడిదే. నేను చెప్పిన పని చేసేవాణ్ణి, నిర్ణయాలన్నీ ఆయనవి. రేపు ఏదైనా జరిగితే తప్పు నాదెలా అవుతుంది?

సమాధానం:

తమ్ముడూ, నీ ఉత్తరంలో కారు సంగతి చివర్లో రాశావు. నిన్ను ఎక్కువ బాధపెడుతున్నది అదేనని నాకు అర్థమైంది. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

బండి దేనికైనా తగిలితే ఆగాలి. మనిషికి తగిలినా, గోడకు తగిలినా, ఆగి ఉన్న కారుకు తగిలినా అంతే. ఆగి, నువ్వెవరో, బండి ఎవరిదో ఆ నష్టపోయినవాళ్లకు తెలిసేలా చేయాలి. వాళ్లు అక్కడ లేకపోతే పోలీసులకు చెప్పాలి. ఇది మర్యాద కోసం చేసేది కాదు, చట్టం డ్రైవరు మీద పెట్టిన పని. భారతదేశపు మోటారు వాహనాల చట్టం, బ్రిటన్ రోడ్డు ట్రాఫిక్ చట్టం రెండూ 1988లోనే వచ్చాయి. రెండింటిలోనూ ఈ మాట ఉంది: వీలైనంత త్వరగా చెప్పాలి, ఎంత ఆలస్యమైనా 24 గంటలు దాటకూడదు. రెండింటిలోనూ ఆ పని "డ్రైవరు" చేయాలనే రాశారు. ఎవరైనా చూశారా లేదా అన్న ప్రశ్నే అందులో లేదు.

ఆ గడువు నీకు దాటిపోయింది. అయినా ఇప్పుడు చెప్పడానికీ, అసలు చెప్పకపోవడానికీ చాలా తేడా ఉంది. గోడౌను దగ్గర కెమెరా ఉండి ఉంటే, ఆ కారు మనిషి ఇప్పటికే ఫిర్యాదు చేసి ఉంటే, వాళ్లు నిన్ను వెతుక్కుంటూ రావడం ఒకటి, నీ అంతట నువ్వు వెళ్లడం ఇంకొకటి. ముందు ఒక వకీలుతోనో, మీ డ్రైవర్ల యూనియన్‌లో ఇలాంటివి చూసిన పెద్దవాళ్లతోనో ఒక గంట కూర్చుని మాట్లాడు. తేదీ, సమయం, చోటు, బండి నంబరు, ఏం జరిగిందో గుర్తున్నంత వరకు ఒక కాగితం మీద రాసి పెట్టుకో. ఏదీ పెంచకు, ఏదీ తగ్గించకు. ఆ తర్వాత ఓనరుకు చెప్పి, పోలీసులకు చెప్పు. బండికి ఇన్సూరెన్సు ఉన్నదే ఇలాంటి వాటి కోసం. తలుపు బాగు చేయించే ఖర్చు ఎంతైనా, నెల రోజులుగా నువ్వు పడుతున్న టెన్షన్‌తో పోలిస్తే చిన్నదే.

ఇక నీ అసలు ప్రశ్న. దానికి ముందు ఒక ప్రమాదం గురించి చెప్పాలి. కొత్తగా చేరే ప్రతి డ్రైవరుకూ నేను ఇది చెబుతాను.

2018 ఏప్రిల్ 6న కెనడాలోని సస్కాచెవాన్‌లో, రెండు ట్రెయిలర్లు లాగుతున్న ఒక ట్రక్కు ఆగమని బోర్డు ఉన్న కూడలిలో ఆగకుండా వెళ్లింది. అటు నుంచి వస్తున్న బస్సు దానికి గుద్దుకుంది. బస్సులో హంబోల్ట్ బ్రాంకోస్ అనే కుర్రాళ్ల హాకీ జట్టు ఉంది. 16 మంది చనిపోయారు, 13 మంది గాయపడ్డారు. ట్రక్కు డ్రైవరు ఆ పనిలో చేరి నెల కూడా సరిగా కాలేదు. రెండు వారాలు నేర్పించి, తర్వాత ఒంటరిగా పంపారు. అతను తాగి లేడు, ఫోన్ చూడటం లేదు. వెనక లోడు మీద కప్పిన టార్పాలిన్ గాలికి ఎగిరి కొట్టుకుంటుంటే అద్దంలో దాన్నే చూస్తూ ఉన్నాడు. బోర్డు కనబడలేదు. అంతకు ముందు కొద్ది రోజుల్లో అతని లాగ్‌బుక్కులో, అంటే డ్యూటీ గంటల పుస్తకంలో, పదుల కొద్దీ తప్పులు ఉన్నాయని దర్యాప్తులో తేలింది. కోర్టులో అతను వాదించలేదు, నేరం ఒప్పుకున్నాడు. 8 ఏళ్ల జైలు శిక్ష పడింది. కంపెనీ ఓనరు కూడా లాగ్‌బుక్కులు, భద్రతా నియమాలు సరిగా చూడనందుకు నేరం ఒప్పుకున్నాడు. ఆయనకు పడింది 5,000 డాలర్ల జరిమానా.

ఒకరికి 8 ఏళ్లు, ఒకరికి 5,000 డాలర్లు. ఇది న్యాయమా కాదా అని ఎంతసేపైనా వాదించుకోవచ్చు. నాకైతే ఆ ఓనరు మీద ఇంకా బరువు పడాల్సిందనే అనిపిస్తుంది. కానీ నువ్వు అడిగినదానికి జవాబు అందులోనే ఉంది. ప్రమాదం జరిగిన క్షణంలో స్టీరింగు ఎవరి చేతిలో ఉందన్నదే చట్టం మొదట చూస్తుంది. లోడు ఎవరు వేయించారు, గంటలు ఎవరు పెంచారు అన్నవి ఆ తర్వాత వస్తాయి. వాటికి ఓనరుకు శిక్ష పడినా, నీ శిక్షలో నుంచి అంత తీసేయరు.

భారత చట్టంలో ఓవర్‌లోడు గురించి రాసిన సెక్షను, 194, చూడు. బరువు మించిన బండిని "నడిపినవారు" అనీ, "నడిపించినవారు, నడపనిచ్చినవారు" అనీ రెండూ పక్కపక్కనే రాశారు. 2019 సవరణ తర్వాత జరిమానా 20,000 రూపాయలు, దాని మీద మించిన ప్రతి టన్నుకూ 2,000. ఎక్కువైన సరుకు దింపే దాకా బండిని కదలనివ్వరు, దింపే ఖర్చూ మీదే. కాటా వేయించుకోకుండా బండి ఆపకపోతే 40,000. ఓనరు చెప్పాడన్న మాట ఆ సెక్షన్‌లో నిన్ను కాపాడదు, ఆయనను కూడా నీ పక్కన నిలబెడుతుంది, అంతే.

సరే, జరిమానాల సంగతి వదిలెయ్. "బండి మోస్తుందిలే" అన్న మాట గురించి మాట్లాడుకుందాం, ఎందుకంటే అసలు మోసం ఆ మాటలోనే ఉంది. బండి మోస్తుంది, నిజమే. ఇంజను లాగుతుంది. లోడు ఎక్కువైందని ఇంజను నీకు చెప్పదు, కొంచెం మెల్లగా ఎక్కుతుంది అంతే. చెప్పేది బ్రేకులు. అవి చెప్పేది దిగుడులో, అప్పటికి ఆలస్యం అవుతుంది. కదిలే బండిలో ఉన్న శక్తి మొత్తాన్నీ బ్రేకులు వేడిగా మార్చి బయటికి పంపాలి. బరువు నాలుగో వంతు పెరిగితే ఆ వేడి కూడా నాలుగో వంతు పెరుగుతుంది. డ్రమ్ములు మాత్రం అవే, లైనర్లు అవే. పొడుగాటి దిగుడులో బ్రేకు మీదే కాలు పెట్టుకుని వస్తే డ్రమ్ము కాలి, వ్యాకోచించి, లైనరు పట్టు వదిలేస్తుంది. కాలు ఎంత నొక్కినా బండి ఆగదు. అందుకే దిగుడు మొదలవ్వక ముందే చిన్న గేరులోకి వచ్చి ఇంజను చేత పట్టించాలి. ఏ గేరులో ఎక్కగలవో ఆ గేరులోనో, అంతకన్నా చిన్నదాంట్లోనో దిగు. డీజిలు మిగులుతుందని న్యూట్రలు చేసి దిగేవాళ్లను నేను చూశాను. అందులో ఒకరు ఇప్పుడు లేరు.

ఎక్కువ బరువు నీ బండినొక్కదాన్నే కాదు, రోడ్డునూ తింటుంది. 1958 నుంచి 1960 దాకా అమెరికాలోని ఇల్లినాయిలో దీని కోసమే ప్రత్యేకంగా రోడ్లు వేసి, రకరకాల బరువులతో లారీలను తిప్పి తిప్పి పరీక్షించారు. తేలిందేమిటంటే, రోడ్డు పాడవడం యాక్సిలు మీద బరువుతో పాటు మామూలుగా పెరగదు, దాదాపు ఆ బరువుకు నాలుగో ఘాతంతో పెరుగుతుంది. లెక్క వేసి చూడు: యాక్సిలు మీద 20 శాతం ఎక్కువ పెడితే రోడ్డుకు జరిగే నష్టం రెండింతలు. ఆ గుంతల్లోనే రేపు టూవీలరు మీద వెళ్లేవాళ్లు పడతారు. నీ టైర్లు పేలేదీ అక్కడే.

ట్యాంకరు నడిపేవాళ్ల సంగతి ఇంకా వేరు. 1978 జులై 11న స్పెయిన్‌లో లోస్ అల్ఫాకెస్ అనే చోట, సముద్రం పక్కన సెలవులకు వచ్చి గుడారాలు వేసుకున్న వాళ్ల పక్కగా వెళ్తున్న ప్రొపిలీన్ ట్యాంకరు పేలిపోయింది. 200 మందికి పైగా చనిపోయారు, డ్రైవరు కూడా. ఆ ట్యాంకరులో అనుమతించినదాని కన్నా కొన్ని టన్నులు ఎక్కువ నింపారు. ద్రవం వేడెక్కితే వ్యాకోచిస్తుంది. దానికి పైన ఖాళీ ఉండాలి. ఆ ఖాళీ వదలడం వ్యాపారికి నష్టంలా కనిపిస్తుంది. నువ్వు ఎప్పుడైనా గ్యాసు, పెట్రోలు, రసాయనాల వైపు వెళ్లే ఆలోచన ఉంటే, ఆ శిక్షణ తీసుకుని, లైసెన్సు మీద అది రాయించుకున్నాకే వెళ్లు. ట్యాంకులో ఏముందో, లీకైతే ఏం చేయాలో, ఎవరికి ఫోన్ చేయాలో రాసిన కాగితం క్యాబిన్‌లో లేకుండా కదలకు.

ఇక నిద్ర. నీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది ఇదే. "ఎవరికీ ఏమీ కాలేదు" అని ఒక్క ముక్కలో దాటేశావు. నేను దాటలేను. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు వెళ్తుంది. నాలుగు సెకన్లు కన్ను మూస్తే దాదాపు 90 మీటర్లు. అంత దూరం ఆ బండిని నడిపేవాళ్లు ఎవరూ లేరు. ఆ 90 మీటర్లలో నీకు గతుకులు తగిలాయి. మనిషి తగలకపోవడం నీ అదృష్టం, వాళ్ల అదృష్టం.

17 గంటలు మెలకువగా ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాలు ఉన్న మనిషి చురుకుదనంలాగే ఉంటుందని పరిశోధనల్లో తేలింది. చాలా దేశాల్లో తాగి నడపడం కింద పట్టుకునేది ఆ గీత దగ్గరే. రోజంతా, 24 గంటలు నిద్ర లేకపోతే అది 0.10 దాకా వెళ్తుంది. తాగి బండెక్కమంటే నువ్వు ఎక్కుతావా? ఎక్కవు. నిద్ర లేకుండా ఎక్కమంటే మాత్రం ఎక్కుతున్నావు. ఎందుకంటే నిద్రకు వాసన రాదు, ఊదించే మిషను లేదు.

అందుకే గంటలు లెక్కపెట్టే చట్టాలు వచ్చాయి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1979లో డ్రైవర్ల గురించే ఒక ఒప్పందం చేసింది. ఆగకుండా నాలుగు గంటలకు మించి నడపకూడదు, రోజుకు తొమ్మిది గంటలకు మించి నడపకూడదు, రోజులో కనీసం పది గంటలు ఏకబిగిన విశ్రాంతి ఉండాలి అని అందులో ఉంది. యూరప్‌లో నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాలు ఆగాలి, రోజుకు తొమ్మిది గంటలు, వారంలో రెండు రోజులు మాత్రం పది. అక్కడ బండిలో ఉండే టాకోగ్రాఫ్ అనే మిషను ఇదంతా దానంతట అదే రాసుకుంటుంది. అమెరికాలో పది గంటల విశ్రాంతి తర్వాత 11 గంటలు నడపొచ్చు, అదీ పనిలోకి దిగిన 14 గంటల లోపలే. భారతదేశంలో 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని పెట్టింది; 2025లో ఆ చట్టం స్థానంలో కొత్త కార్మిక కోడ్ వచ్చింది. అంకెలు ఒక్కో చోట ఒక్కోలా ఉన్నా, డ్రైవరు ఎంత గట్టివాడైనా వాడి కన్ను గట్టిది కాదన్న సంగతి అందరూ ఒప్పుకున్నారు.

ఇప్పుడు పుస్తకం సంగతి. నిద్రపోకుండా నిద్రపోయినట్టు రాయడం అబద్ధపు రికార్డు. అది వేరే నేరం. ఇందులో నీకు తట్టని ఇంకో సంగతి ఉంది. ఆ పుస్తకం మీద సంతకం నీది. రేపు నిజంగా ఏదైనా జరిగితే, "నాకు విశ్రాంతి ఇవ్వలేదు" అని నువ్వు కోర్టులో చెప్పాలనుకుంటావు. అప్పుడు నీ చేతిరాతే నీ ముందు పెడతారు, "ఇదిగో, ఎనిమిది గంటలు పడుకున్నానని మీరే రాశారు" అని. ఓనరును రక్షించే సాక్ష్యం నువ్వే ట్రిప్పు ట్రిప్పుకీ రాసి ఇస్తున్నావు. ఈ రోజు నుంచి ఆపెయ్. నిజం రాయి. తక్కువ పడుకుంటే తక్కువ అని రాయి. పుస్తకం కాపీని ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకో.

రోడ్డు మీద నిద్ర ముంచుకొస్తే అద్దం దించడం, పాటలు పెద్దగా పెట్టడం, ముఖం కడుక్కోవడం ఇవేవీ పనిచేయవు. పది నిమిషాల పాటు పనిచేసినట్టు అనిపిస్తుంది, అదే ప్రమాదం. సురక్షితమైన చోట బండి ఆపు. ఒక కాఫీ తాగి, వెంటనే ఒక 20 నిమిషాలు పడుకో. కాఫీ ఒంటికి పట్టే సరికి నువ్వు లేస్తావు. అది గట్టెక్కడానికే, రాత్రి నిద్రకు బదులు కాదు. మెలకువ కోసం అమ్మే మాత్రల జోలికి అస్సలు పోకు. జలుబు, దగ్గు మందులు కొన్ని కూడా మత్తు తెస్తాయి, కొనేటప్పుడు నువ్వు డ్రైవరువని చెప్పి అడుగు. మందు తాగడం గురించి నీకు చెప్పక్కర్లేదనుకుంటాను. ఒక్కటి మాత్రం తెలుసుకో: అమెరికాలో మామూలు డ్రైవర్లకు పెట్టిన గీతలో సగం, 0.04 శాతం, లారీలాంటి బండ్లు నడిపేవాళ్లకు పెట్టారు. మన చేతిలో ఉన్న బరువును బట్టి మన మీద బాధ్యత కూడా ఎక్కువే.

లోడు కట్టడం గురించి నువ్వు అడగలేదు, కానీ చెప్పకుండా ఉండలేను. ఆ హంబోల్ట్ జట్టు ప్రమాదంలో ఎగిరింది ఒక టార్పాలిన్. నా సంగతి చెబుతాను. కొత్తలో ఒకసారి ఇనుప పైపులు వేసుకుని బయల్దేరాను. లోడింగు దగ్గర బెల్టులు బిగించింది నేనే, గట్టిగానే బిగించాను. తర్వాత మళ్లీ చూడలేదు. బండి కదిలాక పైపులు సర్దుకుని కిందకి దిగుతాయి, అప్పుడు బెల్టు వదులవుతుందని నాకు అప్పటికి తెలియదు. రెండు గంటల తర్వాత ముందు ఒక ఆవు అడ్డం వస్తే గట్టిగా బ్రేకు వేశాను. ఒక పైపు జారి ముందుకొచ్చి, క్యాబిన్ వెనక రేకును చీల్చుకుని నా సీటు వెనక ఆగింది. ఇంకొంచెం వేగంలో ఉండి ఉంటే ఈ సమాధానం రాసేవాణ్ణి కాదు.

గట్టిగా బ్రేకు వేస్తే సరుకు తన బరువులో పదింట ఎనిమిది వంతుల బలంతో ముందుకు తోస్తుంది. మలుపులో పక్కకి పదింట అయిదు వంతులు. యూరప్, అమెరికా రెండు చోట్లా కట్టు ఈ బలాలను తట్టుకోవాలని లెక్క పెట్టుకున్నారు. అంటే పది టన్నుల మిషను వేసుకుంటే, ఎనిమిది టన్నులు వేలాడదీసినంత బలం నీ వీపు వైపు వస్తుందన్నమాట. బరువైన వస్తువు దానంతట అది కదలదులే అనుకోవడం తప్పు. అమెరికాలో డ్రైవరు బయల్దేరిన మొదటి 50 మైళ్ల లోపల ఒకసారి ఆగి కట్టు చూడాలి, ఆ తర్వాత కూడా మధ్య మధ్యలో చూస్తూ ఉండాలి. నువ్వు కూడా పది, ఇరవై కిలోమీటర్లు వెళ్లగానే ఒకసారి ఆగి బెల్టులు, తాళ్లు, టార్పాలిన్ అంచులు చూసుకో. లోడు వేసింది హమాలీలు, కట్టించింది మేస్త్రి, అయినా రోడ్డెక్కాక అది నీ లోడే.

బయల్దేరే ముందు బండి చుట్టూ తిరిగి చూడటం కూడా ఇలాంటిదే. టైర్లు, నట్లు, లైట్లు, అద్దాలు, గాలి ప్రెషరు, కింద నూనె చుక్కలు. పావుగంట పని. బ్రేకు లోపం ఉందని తెలిసి బయల్దేరితే, తర్వాత జరిగేదాన్ని ప్రమాదం అనలేం.

ఇప్పుడు నీకు అన్నిటికన్నా కష్టమైన పని: ఓనరుకు ఎలా చెప్పాలి? ఇంట్లో సంపాదన నీదొక్కడిదే అన్నావు. అది చిన్న మాట కాదు, దాన్ని పక్కన పెట్టి నీతులు చెప్పే హక్కు నాకు లేదు. కానీ జైల్లో పడ్డ డ్రైవరు ఇంటికి డబ్బు పంపలేడు. లైసెన్సు పోయినవాడూ పంపలేడు. ఉద్యోగం పోతే ఇంకొకటి దొరుకుతుంది, లారీ డ్రైవర్లకు కొరత లేని చోటు తక్కువ.

గొడవ పెట్టుకోకు. లోడింగు దగ్గర, అందరి ముందు, అలిసిపోయి ఉన్నప్పుడు అసలు మాట్లాడకు. ఒక తీరిక రోజు చూసుకుని, నీ భయంతో కాకుండా ఆయన నష్టంతో మొదలుపెట్టు. "బాబాయ్, పోయిన నెల నడుపుతూ నిద్రపోయాను. బండి పల్టీ కొట్టి ఉంటే బండీ, సరుకూ రెండూ పోయేవి. ఓవర్‌లోడు ఉందని తేలితే ఇన్సూరెన్సువాళ్లు పేచీ పెడతారు. కేసు మన ఇద్దరి మీదా పడుతుంది" అని చెప్పు. నువ్వు ఆయనను ఎలా పిలుస్తావో అలాగే పిలువు. తర్వాత నీ మాట స్పష్టంగా చెప్పు: కాటా చీటీలో బరువు అనుమతికి లోపల ఉంటేనే కదులుతాను, రాత్రి నిద్ర ఉంటేనే పొద్దున ఎక్కుతాను, పుస్తకంలో జరిగిందే రాస్తాను. చెడ్డవాడు కాదన్నావు కదా, చాలామంది ఓనర్లకు ఇవి ఎవరూ ఇలా కూర్చుని చెప్పలేదు. సరుకు వేయించే వ్యాపారి ఆయన మీద ఒత్తిడి పెడతాడు, ఆయన నీ మీద పెడతాడు. ఒక్కోసారి "మా డ్రైవరు ఒప్పుకోవట్లేదు" అని వ్యాపారికి చెప్పుకోవడానికి ఆయనకూ నువ్వు ఒక కారణంగా పనికొస్తావు.

ఆ రోజు మాట్లాడిందే మర్నాడు మెసేజిగా కూడా పంపు, మర్యాదగా, రెండు ముక్కల్లో. "నిన్న అనుకున్నట్టు, ఇకపై అనుమతించిన బరువు దాకే లోడు తీసుకుంటాను" అని. ఆయన ఫోన్‌లో చెప్పిన ఓవర్‌లోడు ట్రిప్పుకు కూడా "ఈ లోడు ఎక్కువ ఉంది, తగ్గించి ఇవ్వండి" అని రాసి పంపు. కాటా చీటీలు పారేయకు. ఇవేవీ ఆయన మీద కక్ష కోసం కాదు. నువ్వు చెప్పావన్న సంగతి ఎక్కడో ఒక చోట రాసి ఉండాలి.

ఇలా కాదనే హక్కు నీకు ఉందని ప్రపంచం మెల్లమెల్లగా ఒప్పుకుంటోంది. అమెరికాలో 1982లోనే, భద్రత లేని బండి నడపనన్న డ్రైవరును పనిలోంచి తీసేయకూడదని చట్టం చేశారు. 2016 నుంచి, నియమాలు మీరి నడపమని ఓనరే కాదు, సరుకు పంపేవాళ్లూ దింపుకునేవాళ్లూ ఒత్తిడి చేసినా జరిమానా పడుతుంది. యూరప్‌లో ఎంత దూరం వెళ్లావు, ఎంత త్వరగా దింపావు అన్నదాని మీద, రోడ్డు భద్రతకు ముప్పు తెచ్చేలా బోనసు ఇవ్వడం నిషేధం. ఈ నియమాలు పుట్టింది నీలాంటి డ్రైవర్ల అనుభవాల నుంచే. నువ్వున్న చోట ఇంత రక్షణ లేకపోతే యూనియన్ ఉంది, కార్మిక శాఖ ఉంది. ఒంటరిగా వెళ్లకు, ఇంకో ఇద్దరు డ్రైవర్లను కలుపుకుని వెళ్లు.

రెండుసార్లు చెప్పినా ఆయన వినకపోతే వేరే పని చూసుకో. దొరికే దాకా ఒక్కో ట్రిప్పూ బరువు చూసుకుని, నిద్ర చూసుకుని నడుపు. ఇలా చేస్తే సంపాదన కొన్నాళ్లు తగ్గుతుందని నాకు తెలుసు. ఇంట్లోవాళ్లకు కూడా ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఆ రాత్రి కన్ను మూతపడిన సంగతి వాళ్లకు చెప్పలేదనుకుంటాను. చెప్పు. నిద్ర మానుకుని తెచ్చే డబ్బు మాకొద్దని మొదట అనేది వాళ్లే.

ఇంకో రెండు మాటలు. బండిలో ఏముందో తెలియకుండా, సీలు చూడకుండా, కాగితాలు చదవకుండా ఏ ట్రెయిలరూ తగిలించుకోకు. 2019 అక్టోబరులో ఇంగ్లండులోని ఎసెక్స్‌లో ఒక లారీ ట్రెయిలరులో 39 మంది వియత్నాం మనుషులు ఊపిరాడక చనిపోయి కనిపించారు. ఆ డ్రైవరు తెలిసే ఆ ముఠాతో కలిశాడు, 13 ఏళ్లకు పైగా జైలు పడింది. ఎవరైనా మామూలు కిరాయికి రెండింతలు ఇస్తామని, లోపల ఏముందో అడగొద్దని అంటే అక్కడే ఆగిపో.

రెండోది, నీ అద్దాల్లో కనిపించని చోట్లు. లారీ ముందు బంపరు కింద, క్లీనరు వైపు తలుపు పక్కన, వెనక మొత్తం. పక్కకి తిరిగేటప్పుడు ఆ వైపు సైకిలు మీద ఉన్నవాళ్లకు నువ్వు వాళ్లను చూశావనే నమ్మకం ఉంటుంది. నువ్వు చూసి ఉండవు. ఆగు, మళ్లీ చూడు. రివర్సు చేసేటప్పుడు వెనక ఒక మనిషి లేకుండా చేయకు. ఆ మనిషి నీ అద్దంలో కనబడుతూ ఉండాలి, కనబడకుండా పోయిన క్షణంలో బండి ఆగాలి. ఆ గోడౌను దగ్గర ఒక మనిషి నిలబడి ఉంటే నువ్వు ఈ ఉత్తరం రాసే పనే ఉండేది కాదు.

రేపు పొద్దున మొదటి పని, ఆ కారు గురించి నీకు గుర్తున్నదంతా కాగితం మీద రాయి. రంగు, నంబరులో ఎన్ని అంకెలు గుర్తుంటే అన్ని, ఎటు వైపు తలుపు. అది పట్టుకుని వకీలు దగ్గరికి వెళ్లు. ఓనరుతో మాట్లాడాక ఏమన్నాడో నాకు రాయి.